ఎడ్లు తిరిగి వచ్చినయ్

పోయిన ఆదివారం ఉదయం తొమ్మిది గంటల ఇరవై నిమిషాలకు కొత్తూరులో ఒక టైలరు నా పాత ప్యాంటు నడుము కుట్టు విప్పాడు. ఈ మధ్య కొంచెం లావయ్యాను, వదులు చేయించుకుందామని వెళ్లాను. లోపల చూసి అతను కత్తెర పక్కన పెట్టాడు.

"ఎవరు కుట్టిన్రు సార్ దీన్ని?"

"ఎందుకు?"

"రెండు అంగుళాల గుడ్డ లోపల మడిచి పెట్టిండు. ఇప్పుడు గింత గుడ్డ ఎవ్వరు ఇడువరు. కోసి పారేస్తరు."

కుట్టినాయన చనిపోయాడని చెప్పాను. మూడేళ్లు కావస్తోంది. ఆ మడత సంగతి నాకు గుర్తే. కొలతలు తీసుకున్న రోజు నేనే అడిగాను, అంత గుడ్డ లోపల దండగ కదా అని. పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని, నోరు పూర్తిగా తెరవకుండానే ఆయన జవాబు చెప్పాడు. "పదేండ్లు మీరు గిట్లనే ఉంటరా సారు?"

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఇంటివాళ్లు వద్దన్నారు.

శంషాబాద్‌లో ఒక సందులో ఆయన దుకాణం ఉండేది. ఒక మిషను, ఒక బల్ల, గోడకు మేకులు. పొలం విమానాశ్రయానికి పోయాక, అంతకుముందు వ్యవసాయంతో పాటు చేసుకునే కుట్టుపని ఒక్కటే మిగిలింది. అక్కడ కొత్తగా పనిలో చేరినవాళ్లకు ఇచ్చే యూనిఫారాలు ఎవరికీ సరిగ్గా పట్టవు. వాటిని బిగించడం, వదులు చేయడం ఆయనకు రోజూ ఉండే పని. "ఇమానం ఎక్కెటోళ్లు నాకు ఎరుక లేదు సారు. అండ్ల ఊడ్చెటోళ్ల నడుములు మాత్రం అందరియి ఎరుకే" అనేవాడు.

టేపు ఎప్పుడూ మెడలోనే ఉండేది. పెళ్లికి వెళ్లినా తీయడం మరిచిపోయేవాడు. ఒకసారి భోజనాల దగ్గర భార్య చూసి, "తియ్యి జర. పెండ్లికొడుకు నిన్ను చూసి ఉర్కుతడు, లగ్గం బట్టలు మళ్ల కొలుస్తవేమో అని" అందట. ఈ మాట ఆయనే చెప్పి నవ్వేవాడు. చెబుతున్నప్పుడు కూడా టేపు మెడలోనే ఉండేది.

దుకాణం మీదుగా విమానాలు దిగుతాయి. శబ్దం మొదలుకాగానే ఆయన మాట ఆపేవాడు. వాక్యం ఎక్కడుంటే అక్కడ ఆగిపోయి, చూపుడువేలు ఎత్తి పట్టుకునేవాడు. శబ్దం పూర్తిగా పోయాక, ఆపిన మాట దగ్గరే మళ్లీ అందుకునేవాడు. కొన్నిసార్లు ఆ వాక్యం ఎలా మొదలైందో నేను మరిచిపోయేవాణ్ని. ఆయన ఒక్కసారి కూడా మరవలేదు. కొంచెం గట్టిగా చెబితే సరిపోతుంది కదా అన్నాను ఒకరోజు.

"అరుసుకుంట చెప్తే అది కొట్లాట లెక్క ఉంటది సారు" అన్నాడు. "ఇమానం పోతది. మనం ఈడనే ఉంటం కదా."

మాది గోదావరి వైపు. హైదరాబాదులో ఒక గ్రంథాలయంలో పనిచేసి, రిటైరయ్యాక శంషాబాద్‌లో ఫ్లాటు తీసుకున్నాం. నేను పుస్తకాల మధ్య ఉద్యోగం చేశానని తెలిసిన రోజు ఆయన మిషను ఆపి అడిగాడు.

"మా ఎల్లయ్య మీ పుస్తకాలల్ల ఉన్నడా సారు?"

ఎల్లయ్య ఎవరో నాకు తెలియదు. చెప్పించుకుని, తెలిసినచోటల్లా రెండు నెలలు వెతికాను. ఎక్కడా లేడు. ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడుతూ వెళ్లాను. ఆయన ఏమీ నిరాశపడలేదు. "లేడా? మంచిదే. అయితే ఇంకా ఎవ్వరు ఖరాబు చెయ్యలే" అన్నాడు.

ఎల్లయ్య వాళ్ల ఊరి నీరటి. చెరువు తూము తెరవడం, మూయడం, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూడడం నీరటి పని. వెట్టి నడిచిన రోజుల్లో ఒక కరువు ఏడాది, యాసంగి వరి పొట్ట మీదున్నప్పుడు, చెరువులో ఉన్న కాసిని నీళ్లూ దొర తోటకే పారాలని హుకుం వచ్చింది. ఎల్లయ్య తెల్లవారుజామున తూము తెరిచి, చివరి మడుల దాకా నీళ్లు వదిలాడు. తర్వాత ఊరి బయట బండల మధ్య దాక్కున్నాడు. ఎనిమిది రోజులు ఊరివాళ్లు అక్కడికి రొట్టెలు చేరవేశారు. తొమ్మిదో రోజు దొర మనుషులు నేరుగా ఆ బండల దగ్గరికే వచ్చి పట్టుకున్నారు. కొట్టి చంపి, తూము మీదే పడేసి పోయారు. తెలిసిన కథ ఇంతే.

ఊళ్లో ముసలివాళ్లకు ఇది తలా కొంచెం తెలుసు. వాళ్లు ఎల్లిగాడు అనేవారు. మా టైలరు వాళ్లను సరిదిద్దేవాడు కాదు. "ఎల్లిగాడు తూము ఇప్పిండు" అని ఎవరైనా అంటే, "ఆఁ, ఎల్లయ్య ఇప్పిండు. తర్వాత?" అని అడిగేవాడు. రెండు మూడుసార్లు అలా అయ్యేసరికి అవతలి ముసలాయన కూడా ఎల్లయ్య అనేవాడు, అలా అన్నట్టు తనకు తెలియకుండానే.

ఎల్లయ్య పేరు మీద ఏటా ఒక సభ పెట్టాలని ఆయన కోరిక. నలుగురు తోడయ్యారు. విమానాశ్రయంలో ట్రాలీలు తోసేవాళ్లు ఇద్దరు, ఒక ఆటో డ్రైవరు, ఊరి బడిలో టీచరు. ఏ రోజు చనిపోయాడో ఎవరూ చెప్పలేకపోయారు కాబట్టి హోలీ తర్వాత వచ్చే ఆదివారం అనుకున్నారు. తూము చుట్టూ తుమ్మ కొట్టి శుభ్రం చేశారు. చెరువు సగం ప్లాట్లయింది. తూముకు ఒకవైపు ప్రహరీగోడ వచ్చింది. అక్కడే కూర్చుని కథ చెప్పుకోవాలని నిర్ణయం.

టీచరు ఉత్సాహవంతుడు. ఫ్లెక్సీ కొట్టించుకొచ్చాడు. అందులో ఎల్లయ్య గుర్రం మీద ఉన్నాడు, చేతిలో కత్తి, మెలితిరిగిన మీసం. ఆయన ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి బొమ్మ మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు.

"ఐదు గుండీలు. ఈ అంగీ ఎవరు కుట్టిన్రు టీచరు?"

"బొమ్మే కదా తాతా."

"ఎల్లయ్యకు అంగీ ఏడిది? గోచి, తలకు రుమాలు, చేతుల పార. గుర్రమెక్కితే తూము ఎట్ల ఇప్పుతడు? వంగరాదు కదా."

ట్రాలీల కుర్రాళ్లు పడి పడి నవ్వారు. టీచరు కూడా నవ్వి ఫ్లెక్సీ చుట్టేశాడు. తర్వాత ఏడాది నుంచి ఫ్లెక్సీ మీద అక్షరాలే ఉండేవి.

మొదటి ఏడాది ముప్పైమంది దాకా వచ్చారు. కథ ఆయనే చెప్పాడు. "తొమ్మిదో రోజు ఎవరో జాగ చూపించిన్రు" అన్నాడు. వెనక కూర్చున్న ఒక ముసలాయన బీడీ తీసి నవ్వాడు. "ఎవరో ఏందిరా? ఇంటికి పోయి మీ మేనత్తను అడుగు" అన్నాడు.

వారం తర్వాత దుకాణానికి వెళ్తే ఆయన మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు.

"అడిగిన సారు. మా తాత తండ్రేనట. దొర మనుషులు మా ఎడ్లను తోలుకపోయిన్రట, జత ఎడ్లు. జాగ చూపిస్తే ఇడుస్తమన్నరు. చూపించిండు."

నేను ఎవరైనా అనే మాటే అన్నాను. ఎడ్లు పోతే రైతుకు బతుకు లేదు, ఆ కాలంలో ఆ భయంలో ఎవరైనా అదే చేసేవారేమో అన్నాను. ఆయన వేలెత్తాడు. విమానం వస్తోందనుకుని ఆగాను. పైన ఏ శబ్దమూ లేదు.

"ఎడ్లు తిరిగి వచ్చినయ్ సారు. ఎల్లయ్య రాలే."

కొంచెంసేపు బల్ల మీది దారం ఉండలు సర్దాడు. "ఇంకోటి. చివరి మడులకు నీళ్లు ఇడిసిండని చెప్తున్న కదా, అండ్ల మాది గూడ ఉండె. ఆ నీళ్లతోని పండింది తిన్నం. ఆ ఎడ్లతోని దున్నింది తిన్నం. మొన్న 'ఎవరో' అన్న నేను. ఎవరో ఏంది?"

వచ్చే ఏడాది అందరి ముందూ చెబుతానన్నాడు. అయితే అంతకంటే ముందు చెప్పవలసిన మనిషి ఒకరున్నారన్నాడు. ఎల్లయ్య కొడుకు కూతురు మంఖాల్‌లో ఉందని ఆటో డ్రైవరు కనుక్కొచ్చాడు. ఆమె పుట్టింది ఎల్లయ్య ఊళ్లోనే, మంఖాల్‌కు కోడలిగా వెళ్లింది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. నన్ను తోడు రమ్మన్నాడు.

మేం వెళ్లేసరికి ఆమె గడప దగ్గర కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆయన మెడలోంచి టేపు తీసి జేబులో పెట్టుకున్నాడు. అలా తీయడం నేను చూసింది ఆ ఒక్కసారే. "పెద్దమ్మా, జర మంచినీళ్లు ఇయ్యి" అన్నాడు. ఆమె ఆయన్ని ఒకసారి చూసి, లేచి చెంబుతో తెచ్చింది. ఎత్తకుండా పెదవి ఆనించి, చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాడు. తర్వాత కింద కూర్చుని, తాను ఎవరి ఇంటివాడో చెప్పాడు. తాత తండ్రి చేసింది చెప్పాడు. ఎడ్ల సంగతి కూడా చెప్పాడు. ఆమె చేట మీంచి తల ఎత్తలేదు.

"నాకు ఎరుకే బిడ్డా" అంది. "మా నాయనమ్మ మీ ఇంటి ముందట నుంచి నడవకపోయేది. బాయికి పోవాలంటే ఊరు చుట్టు తిరిగి పోయేది. నేను చిన్నపోరిని. కాళ్లు గుంజుతున్నయ్ నాయనమ్మా, గిట్ల పోదామంటే ఈపుల ఒక్కటి గుద్దేది. ఎందుకో చెప్పకపోయేది. పెద్దగైనంక తెలిసింది."

ఆమె చేటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పక్కన పడేసింది.

"మీ ఇంటోళ్లు ఎవ్వరన్న ఒక్కసారి అంటరేమో అని మా నాయన చూసిండు. చూసి చూసి పోయిండు."

"నేను అంట పెద్దమ్మా. అందరి ముందట అంట."

"ఒక్క ఏడాది అని ఊకుంటవా?"

"ఉన్నన్ని రోజులు అంట."

ఆమె చేట పక్కన పెట్టింది. "అయితే వస్త. నడుములు మంచిగ లెవ్వు నాకు. ఆటో పంపు."

రెండో ఏడాది ఆటో వెళ్లి తీసుకొచ్చింది. ఆమె యూరియా సంచి మడిచి వేసుకుని అందరికంటే ముందు కూర్చుంది. ఆయన కథ చెప్పి, "తొమ్మిదో రోజు మా తాత తండ్రి చూపించిండు. ఎడ్ల కోసం చూపించిండు. ఎడ్లు తిరిగి వచ్చినయ్. ఎల్లయ్య రాలే" అన్నాడు.  ఆమె కొంగు సర్దుకుంది, అంతే. సభ అయ్యాక బెల్లమన్నం పెట్టించుకుని తిని, ఆటో ఎక్కి వెళ్లింది.

ఊళ్లో చాలామందికి ఇది నచ్చలేదు. టీచరు నాతో అన్నాడు, "సార్, వీరుని గురించి ఇందామని జనం వస్తున్రు. మధ్యల మన ఊరోడే పట్టిచ్చిండంటే మొకాలు మాడిపోతున్నయ్. మీరన్న చెప్పుండ్రి ఆయనకు." నేను చెప్పలేదు. అతను ఇంకో ఉపాయం చేశాడు. మూడో ఏడాది డప్పులవాళ్లను పిలిపించి, కథలో 'తొమ్మిదో రోజు' అని వినగానే మొదలుపెట్టమన్నాడు. వాళ్లకు ఎందుకో తెలియదు. వీరుడి మరణం కాబట్టి అక్కడ డప్పు కొట్టడం మర్యాద అనుకున్నారు.

ఆయన 'తొమ్మిదో రోజు' అన్నాడు. డప్పులు లేచాయి. ఆయన ఆగి, విమానానికి ఎత్తినట్టే వేలెత్తి నిలబడ్డాడు. టీచరు వైపు చూడలేదు, డప్పులవాళ్ల వైపూ చూడలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. ఎండ. డప్పులవాళ్ల చొక్కాలు తడిసిపోయాయి. జనంలో కొందరు నవ్వడం మొదలుపెట్టారు. చివరికి డప్పు కొట్టేవాళ్లలో పెద్దాయనే చేయి దించి, "ఇగ ఆపుర్రి రా, తాతకు వేలు గుంజుతుంది" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. ఆయన వేలు దించాడు.

"మా తాత తండ్రి చూపించిండు" అన్నాడు.

మంఖాల్ ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆమె నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆ తర్వాత టీచరు కూడా ఆయన్ని ఏమీ అనలేదు.

అలా నాలుగో ఏడాది కూడా చెప్పాడు. ఆ ఆషాఢంలో జ్వరం వచ్చింది. దవాఖానలో నాలుగు రోజులు ఉన్నాడు. మూడో రోజు నేను వెళ్లాను. ముందు కుట్టి పెట్టిన ప్యాంట్ల సంగతి మాట్లాడాడు. మూడు మేకుకు ఉన్నాయి, పేర్లు చీటీల మీద రాసి ఉన్నాయి, వాళ్లవి వాళ్లకు ఇప్పించమన్నాడు. తర్వాత, "హోలి అయినంక మీరు చెప్పుండ్రి సారు. ఇంట్లోళ్లు చెప్పరు. మా తాత తండ్రి అనొద్దు, ఫలానా టైలరు తాత తండ్రి అనుండ్రి" అన్నాడు. సరేనన్నాను. చెయ్యి పట్టుకోలేదు, ఒట్టు వేయలేదు. మామూలుగా సరే అన్నాను.

హోలీకి రెండు రోజుల ముందు ఆయన పెద్దకొడుకు మా ఫ్లాటుకు వచ్చాడు. విమానాశ్రయంలో సామాన్లు మోసే విభాగంలో పని. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సార్, ఆ మాట ఇడిచిపెట్టుండ్రి."

ఎందుకని అడిగాను.

"నా బిడ్డ ఊరి బళ్లనే సదువుతది. మీ ఎడ్లు బాగున్నయా, గడ్డి తింటున్నయా అని అడుగుతున్రంట పిల్లలు. ఇంటికొచ్చి ఏడుస్తది. బడికి పోనంటది. బాపు ఉన్నన్ని రోజులు ఆయనకు చెప్పలే. చెప్తే ఏమైతుండెనో ఏమో. ఆయన అన్నడు, ఆయనది ఆయన మోసిండు. గా పిల్ల ఏం చేసింది సార్?"

అతను అడిగినదానిలో తప్పు నాకు కనబడలేదు. ఇప్పటికీ కనబడదు. పేరు కూడా ఎక్కడా రాయవద్దన్నాడు. సరేనన్నాను. ఇది రెండో సరే.

ఆ ఆదివారం రెండువందల మంది దాకా వచ్చారు. మైకు పెట్టారు. మంఖాల్ ఆమె ముందు వరసలో సంచి మీద కూర్చుంది. నేను కాగితం చూసి చదివాను. "తొమ్మిదో రోజు ఎవరో ఆ చోటు చూపించారు" అని చదివి, తర్వాత వాక్యానికి వెళ్లిపోయాను. చప్పట్లు బాగా కొట్టారు. తల ఎత్తి చూసేసరికి ఆమె లేచి సంచి మడుచుకుంటోంది.

కట్ట మీద ఆమె వెనకే వెళ్లాను. ఆటో దగ్గర ఆగింది.

"నువ్వు సదువుకున్నోనివి సారు. నీకు తెల్వక కాదు."

పిల్ల సంగతి చెప్పాను. బడిలో ఏమంటున్నారో, తండ్రి వచ్చి ఏమడిగాడో చెప్పాను. ఆమె మొత్తం విన్నది.

"అయ్యో, పిల్లనట్ల అనుడు తప్పే కదా" అంది. "నన్నొక్కమాట అడిగితే నేనే బడికొచ్చి ఆ పోరగాళ్లకు చెప్పేదాన్ని. ఆ పిల్ల తాత మా ఇంటికొచ్చి నీళ్లడిగి తాగిండు, ఇగ మాకు మాకు ఏం లేదు, మీకేందిరా అని చెప్పేదాన్ని. నా మాట ఇనకపోదురా?"

 ఆమెను అడగాలని నాకు గానీ, ఆ కొడుకుకు గానీ, టీచరుకు గానీ తోచలేదు. ఆమె వచ్చి వినేవాళ్లలో ఒకరని అనుకున్నాం.

"పోనీయ్ సారు" అని ఆటో ఎక్కింది.

తర్వాత మంఖాల్ వెళదామని రెండుసార్లు బయల్దేరి వెళ్లలేదు. మరుసటి హోలీకి సభ ఇంకా పెద్దగా జరిగింది. తూము పక్కన చిన్న గద్దె కట్టారు. ఆ పిల్ల బడికి వెళ్తోంది, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదని తండ్రి చెప్పాడు. కథ టీచరు చెప్పాడు, బాగా చెప్పాడు. మంఖాల్‌కు వెళ్లిన ఆటో ఖాళీగా తిరిగి వచ్చింది. నడుములు మంచిగ లెవ్వన్నదని డ్రైవరు చెప్పాడు.

ఈ ఏడాది ఆటో పంపలేదు.